గ్రైండరు ఆపి చెబుతున్నా

ఒలే గౌరీ, కూకో.
గ్రైండరు ఆపేశాను, ఇప్పుడు వినబడతాది.
ఎన్ఏడీ కొత్తరోడ్డు కాడ టిఫిను బండి పెడతానంటున్నావు,
బండికి ఏ రంగెయ్యాలని నన్నడుగుతున్నావు.
రంగు ఆఖర్న ఎయ్యొచ్చు.
ముందు మూడు రోజులు, పొద్దున్నే ఐదింటికెళ్ళి
ఆ రోడ్డు వార నిలబడు.
ఊరికే నిలబడు.
షిఫ్టు బస్సు ఏ పక్క ఆగుతుందో,
దిగినోళ్ళు ఎటు నడుస్తారో,
ఎవడి చేతిలో క్యారేజీ ఉందో, ఎవడి చెయ్యి ఖాళీయో
లెక్కెట్టు.
ఖాళీ చేతులే నీ బేరం.

తాటిచెట్లపాలెంలో ఈ గది తీసినప్పుడు
నేను లెక్కెట్టలేదు.
మొదటి రోజు పదహారు కిలోల పప్పు రుబ్బి
మూడు కిలోల పిండి అమ్మాను.
మిగిలింది రాత్రికి గిన్నె మూత నెత్తినెట్టుకుని
గుమ్మం దాకా వచ్చేసింది.
మే నెల, సముద్రపు ఉక్క.
పిండికి మన అప్పులు తెలీవు,
దాని పొంగు దానిది.
చాల్లేదని తిట్టించుకో గానీ
మిగిలిందని ఏడవకు.

రెండు డబ్బాలు కొనుక్కో,
పాలపొడి డబ్బాలైనా పర్లేదు.
ఒకటి బండిది, ఒకటి ఇంటిది.
మా ఇంట్లో ఇడ్లీకి పిండి కావాలంటే
ఆ డబ్బాలోంచి నలభై తీసి ఈ డబ్బాలో ఏస్తాను.
"ఏటే, నీకు నువ్వే బేరమా" అని మా ఆయన నవ్వుతాడు.
నవ్వనీ.
ఆయన బీడీకట్ట ఏ డబ్బాలోంచి వచ్చిందో
పుస్తకానికి తెలుసు.

నీ కూలి కూడా రాసుకో.
మినపప్పు రాస్తావు, గ్యాసు రాస్తావు, ఆకులు రాస్తావు.
మూడింటికి లేచిన నీ నడుముని ఎవరు రాస్తారు?

అప్పు పెట్టనంటే బండి నడవదు.
అందరికీ పెడితే బండి మిగలదు.
ఎదురుగా నిలబెట్టి వాడి చేతే రాయించు,
తన చేత్తో రాసిన అంకె
మనిషికి నిద్రలో కూడా కనబడతాది.
నా పుస్తకంలో సోములు పేరున నూట ఎనభై ఉంది.
వాడు పోయి నాలుగేళ్ళు.
కొట్టెయ్యలేదు.
అది వ్యాపారం కాదు, తెలుసు. నన్నడక్కు.

బ్యాంకోళ్ళు లక్ష ఇస్తామంటే లక్షా తెచ్చుకోకు.
అక్టోబరులో వాయుగుండం పడితే
పది రోజులు బండి మీద టార్పాలిను తియ్యలేవు.
ఆ పది రోజుల కిస్తీ ఎక్కడిదో ముందు నాకు చూపించు.
జీవీఎంసీ కాయితానికి నువ్వే వెళ్ళు.
మధ్యలో ఒకడు "నేను చేయిస్తా వదినా" అంటాడు,
వాడి చొక్కా ఇస్త్రీ చూసి నమ్మకు.

ఇంకోటి. ఇది ఎవరికీ చెప్పలేదు.
జ్ఞానాపురంలో మినపప్పు ఒక్కసారే ఎగిరిన ఏడు
ధర పెంచడానికి నోరు రాక
ప్యాకెట్టుకి ఒక గరిటె తగ్గించాను.
కవరు మీద కిలో, లోపల తొమ్మిది వందల ముప్పై.
ఒక్క గరిటె, ఎవరికి తెలుస్తుంది?
రైల్వే క్వార్టర్సు సత్యవేణి టీచరు
ఆరేళ్ళు ప్రతి శనివారం వచ్చేది.
ఒక శనివారం రాలేదు.
తర్వాతదీ రాలేదు.
గొడవాడలేదు, అడగలేదు.
దారిలో కనబడితే "బాగున్నావా నూకరత్నం" అంది,
చేతిలో వేరే కొట్టు కవరు.
తిట్టిన బేరం మళ్ళీ వస్తుంది గౌరీ,
మాటాడకుండా పోయింది రాదు.
ఆ రాత్రే గరిటె వెనక్కేశాను.
ఐదు రూపాయలు పెంచి
సుద్దముక్కతో తలుపు మీద రాశాను.
సణిగినోళ్ళంతా సణుగుతూనే కొన్నారు.
టీచరు మాత్రం రాలేదు.
ఇప్పటికీ రోజుకో ప్యాకెట్టు తీసి
నా పిండి నేనే తూచుకుంటాను.

సరే, లే. ఆ బియ్యం మూట ఓ చెయ్యి పట్టు.
రంగంటావా,
పసుపు ఎయ్యి.
తెల్లారకముందు బస్సు దిగినోడికి
దూరం నుంచే కనబడాలి.
నీలం వద్దు, బాగుంటుంది గానీ
చీకట్లో కలిసిపోతాది.

జరుగు, గ్రైండరు ఏస్తున్నాను.